చెక్కింటి నేల కింద

కరుణ వంటింట్లో పడిపోయిందని పక్కింటావిడ ఫోను చేసేసరికి నేను కాకినాడలో అన్నం ముందు కూర్చున్నాను. "కంగారుపడకండి, ఆసుపత్రిలో చేర్చేశామండి. వడదెబ్బంటున్నారు" అందావిడ. చెయ్యి కడుక్కుని, చేతికందిన బట్టలు సంచిలో కుక్కుకుని రాజమండ్రి బస్సెక్కాను. కరుణ నా చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. నర్సుగా పనిచేసి రిటైరై, మేమిద్దరం పుట్టి పెరిగిన ఇంట్లోనే ఉంటోంది. రోహిణి కార్తె ఎండలు. బస్సు కిటికీ చువ్వ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. కడియం దగ్గర నర్సరీలవాళ్లు మొక్కల మీద పచ్చటి పరదాలు కట్టి నీళ్లు చల్లుతున్నారు. ఆ మొక్కలకున్నపాటి నీడ మా చెల్లెలికి లేకపోయిందే అనుకుంటూ కూర్చున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. "ఈవిడకి ఊపిరితిత్తులు చిన్నప్పట్నుంచీ బలహీనం కదండీ. ఇంకోసారి ఇలా అయితే నేను చెప్పలేను. ఎండలు తగ్గేదాకా చల్లటి గదిలోంచి కదలనివ్వకండి" అంది. సరేనని, కరుణని ఇంటికి తీసుకొచ్చేలోపే చిన్నప్పుడు మేమిద్దరం పడుకున్న ఆమె గదిలో ఏసీ పెట్టించాను. అది పగలూ రాత్రీ మోగుతూనే ఉంది, గది మాత్రం చల్లబడలేదు. ఏసీ మనిషి వచ్చి చూసి, మిషను బాగానే ఉందన్నాడు. కరుణని హాల్లో కూర్చోబెట్టి, దోమల చక్రం వెలిగించి మంచం పక్కన పెడితే, పొగ పైకి లేచి కొంచెంసేపు తిరిగి, నేల పలకల సందుల్లోకి జారిపోతోంది. చల్లగాలంతా కిందికి పోతోంది. మధ్యాహ్నమయ్యేసరికి అవే సందుల్లోంచి వేడిగాలి పైకి కొడుతోంది. "ఇంటికి అడుగే లేదు కదండీ, జల్లెడలో నీళ్లు పోసినట్టుంది" అన్నాడతను.

మా ఇంటి సంగతి తెలియనివాళ్లకి ఈ మాట అర్థం కాదు. మా తాత గోదావరి గట్టునున్న కలప డిపోలో మేస్త్రీగా పనిచేశాడు. ఏజెన్సీ అడవుల నుంచి టేకు దుంగలు తెప్పలుగా కట్టి నదిలో దించే రోజులవి. డిపోలో కొనేవాళ్లు వద్దన్న వంకర దుంగలన్నీ ఏరి పెట్టుకుని ఆయన ఈ ఇల్లు కట్టాడు. శ్రావణంలో గోదారి పొంగి వీధిలోకి వస్తుంది గనక, చిన్నపిల్ల ఎత్తు రాతిస్తంభాలు నిలబెట్టి, వాటిమీద దూలాలు వేసి, దూలాల మీద పలకలు పరిచి నేల చేశాడు. కింద అంతా ఖాళీ. ఊళ్లో అందరూ దాన్ని చెక్కిల్లు అనేవారు. వరద వచ్చిన రోజుల్లో నేను బోర్లా పడుకుని, పలకల సందుకి కన్ను ఆనించి, కింద నీళ్లు కదలడం చూసేదాన్ని. వరద లేనప్పుడు అక్కడ కోళ్లు ఉండేవి. మేం తుడిచిన దుమ్మూ, రాలిన మెతుకులూ, అమ్మ జడపిన్నులూ అన్నీ వాటి నెత్తినే పడేవి.

ఆ నేలని చూసుకోవడం మా మామ్మ పని. నాన్నగారి తల్లి. శనివారం పొద్దున్నే చీర మోకాళ్లపైకి దోపుకుని, కొబ్బరి డొక్క సగానికి కోసినది పాదం కింద పెట్టుకుని, వేపనూనె చిలకరిస్తూ, డాన్సు చేస్తున్నట్టు ఈ గోడనుంచి ఆ గోడదాకా రుద్దుకుంటూ పోయేది. ఆ రోజంతా ఇల్లు వేపనూనె కంపు కొట్టేది. ఆదివారం చర్చిలో మా పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవారు. మామ్మ పొట్టి మనిషి, మాట కరుకు. బరువుగా అడుగేస్తే చాలు, "ఒసేయ్, నువ్వు నడుస్తున్నావా, వడ్లు దంచుతున్నావా" అనేది. అమ్మ ఆమెకి పూర్తిగా ఎదురు. పొడుగ్గా, నెమ్మదిగా ఉండేది, వంట చేస్తూ కీర్తనలు పాడేది. ఆమె చీరలన్నీ మెత్తటి నూలు చీరలే. ఉప్పాడ నుంచి మూట మోసుకొచ్చే నేతాయన దగ్గర ఏడాదికొకటి కొనుక్కునేది. ఆకుపచ్చ రంగు వేసిన చెక్కపెట్టెలో వాటిని మడతపెట్టి, మధ్యలో ఎండిన మొగలిరేకు పెట్టేది.

నాకు పదేళ్లప్పుడు అమ్మ జ్వరంతో పోయింది. కరుణ అప్పటికి నాలుగేళ్లది. నాన్నగారు బడిపంతులు, ఎవరి ముందూ ఏడ్చే మనిషి కాదు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, ఆ ఆకుపచ్చ పెట్టె ముందు కూర్చునేవారు. మూత తీసి, ఒక చీర బయటికి తీసి, ఒళ్లో పెట్టుకుని, చీకటిపడేదాకా అలాగే ఉండేవారు. మళ్లీ జాగ్రత్తగా మడతపెట్టి లోపల పెట్టేవారు. మేం ఆ సమయంలో ఆ గదిలోకి వెళ్లేవాళ్లం కాదు. మామ్మ మాత్రం గుమ్మంలో నిలబడి, "ఎన్నాళ్లురా ఇలాగ. పిల్లలకో తల్లి కావద్దా. కడియంలో సంబంధం ఉందంటున్నారు" అనేది. ఆయన చీర మడత సరిచేసుకునేవారు.

ఆ ఏడాది క్రిస్మస్ ముందు నాన్నగారు పంతుళ్ల ట్రైనింగుకని ఊరు వెళ్లారు. తిరిగొచ్చిన సాయంత్రం ఎప్పట్లాగే పెట్టె మూత తీశారు. పెట్టె ఖాళీగా ఉంది. నేను పక్కనే ఉన్నాను. పెట్టెలోకి చెయ్యి పెట్టి నాలుగు మూలలా తడిమారు, కంటికి కనబడనిది చేతికి తగులుతుందన్నట్టు.

"అమ్మా, చీరలేవి?"

"ఇచ్చేశాను" అంది మామ్మ, వంటింట్లోంచి.

"ఎవరికిచ్చావు?"

"కావలసినవాళ్లకి."

"కొత్త కోడలు వచ్చేముందు ఇల్లు ఖాళీ చేస్తున్నావా?"

మామ్మ ఔననలేదు, కాదనలేదు. పొయ్యిలో కర్ర ముందుకి తోసింది. నాన్నగారు పెట్టె మూత వేసి, చాప తీసుకుని వసారాలోకి వెళ్లిపోయారు. ఆ రోజునుంచి ఆయన పడక వసారాలోనే. ఆ రోజునుంచి మామ్మతో మాటలు కూడా లేవు.

మాటల్లేవంటే నిజంగానే లేవు. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండింది తింటూ బతికారు. నాన్నగారు పీట మీద కూర్చుని, "సుగుణా, మీ మామ్మని అడుగు, చారు ఉందా" అనేవారు. మామ్మ ఆయనకి మూరెడు దూరంలో గరిట పట్టుకుని కూర్చుని ఉండేది. "ఉందని చెప్పవే మీ నాన్నకి" అనేది. నేను ఇటు తిరిగి ఒకటీ అటు తిరిగి ఒకటీ చెప్పేదాన్ని. కొన్నాళ్లకి అది మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, తల్లినీ కొడుకునీ కలపాలని చూశారు. నాన్నగారు ఆయనకి కాఫీ ఇప్పించి పంపేశారు. మళ్లీ పెళ్లి మాటెత్తడానికి ఎవరికీ ధైర్యం లేకపోయింది. ఆయన చివరి జబ్బులో మామ్మ రాత్రింబవళ్లు కాళ్ల దగ్గర కూర్చుంది. పోయేముందు రోజు కూడా ఆయన కరుణతో, "మీ మామ్మని వెళ్లి పడుకోమను" అన్నారు. మామ్మ లేవలేదు. తర్వాత ఆమె ఇంకా చాలా ఏళ్లు బతికింది. ఎప్పుడూ ఆ చీరల మాట ఎత్తలేదు.

ఇదంతా ఎప్పుడో ముగిసిపోయిన సంగతని అనుకున్నాను. ఆ వేసవిలో నా ధ్యాసంతా గది చల్లబరచడం మీదే. ముందు నేల మీద ప్లాస్టిక్ షీటు పరిపించాం. మధ్యాహ్నం కింద గాలి తగిలి అది తెరచాపలాగా పొంగింది. కరుణ దాని మీద కాలు పెట్టి జారబోయింది. తర్వాత ఎవరో సత్తిబాబు అనే అతన్ని పంపించారు. రొయ్యల కోల్డ్ స్టోరేజీలకి చలి బయటికి పోకుండా లోపలి పలకలు బిగించే పని అతనిది. గది అంతా తిరిగి చూశాడు. "ఈ నేలచెక్కలు ఎత్తి, దూలాల మధ్యన మా షీట్లు కోసి బిగించేస్తామండి. సందులకి ఫోమ్ కొట్టేస్తాం. ఇంక గాలి కదిలితే నన్నడగండి" అన్నాడు. కిందినుంచి చేయొచ్చు కదా అంటే, బయటికి తీసుకెళ్లి చూపించాడు. మునిసిపాలిటీవాళ్లు వేసిన రోడ్డు మీద రోడ్డు వేసి, వీధి ఎత్తు పెరిగి, వాకిట్లో మట్టి పోసీ పోసీ, నేను చిన్నప్పుడు నిలబడి తిరిగిన చోటికి ఇప్పుడు కుక్క కూడా వంగి దూరాలి.

"నన్ను రొయ్యల్లాగా నిలవుంచుతావా ఏంటయ్యా" అని కరుణ నవ్వింది గాని, పలకలు ఎత్తాలనేసరికి నవ్వు ఆగిపోయింది. "అదొక్కటీ వద్దక్కా. ఇంకేదైనా చెయ్యి" అంది.

"ఇంకేదైనా అంటే ఏంటే? అన్నీ అయ్యాయిగా."

"పాత ఇల్లు. కదిపితే మళ్లీ కూర్చోదు."

రెండు రోజులు అదే మాట. నాకు విసుగొచ్చింది. మూడో రోజు మధ్యాహ్నం ఆమె పెదాలు నీలంగా తిరిగాయి. మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరమ్మ ఏం చెప్పిందో నేను ఆమెకి చెప్పలేదు, కానీ నర్సుగా బతికిన మనిషి, నా ముఖం చూసి గ్రహించింది. ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకుని, "సరే, నీ ఇష్టం" అంది.

మర్నాడు పొద్దున్నే కరుణ మంచాన్ని హాల్లోకి మార్చి, తడిబట్టలు కట్టిన ఫ్యాను కింద పెట్టాం. సత్తిబాబు గునపం పెట్టి కిటికీ వైపు పలక లేపాడు. మేకులు కీచుమన్నాయి. ఆ సందులోంచి వేపనూనె, తారు, ఎలుకల వాసన కలిసి గుప్పుమంది. అతను టార్చి వేసి లోపలికి చూసి, ఒక్కసారి వెనక్కి జరిగాడు.

"అమ్మా, ఇక్కడ ఎవరో ఉన్నట్టుందండి" అన్నాడు.

వంగి చూశాను. రెండు దూలాల మధ్యన, పొడుగ్గా, గుడ్డలో చుట్టినట్టు ఒక ఆకారం పడుకుని ఉంది. పసిపిల్లవాణ్ణి చుట్టిపెట్టినట్టు కొబ్బరితాడుతో అక్కడక్కడా కట్టి ఉంది. దాని పక్కన, అవతలి దూలాల మధ్యన ఇంకొకటి. దాని పక్కన మరొకటి. తర్వాత అతనే భయంభయంగా గునపం మొనతో నెమ్మదిగా కదిపాడు. "బట్టలేనండి" అన్నాడు, ఊపిరి వదిలి. "ఉట్టి బట్టలు."

చేత్తో తీసుకున్నాను. పైపొర చేతిలోనే పొడైపోయింది. రెండో పొర చిరిగింది. లోపలి మడత మాత్రం విప్పుకుంది. గంధంరంగు నూలు మీద సన్నటి ఎర్రంచు. అమ్మ పోయేముందు చర్చికి కట్టుకున్న చీర అది. నేలమీద కూలబడ్డాను. "ఏమైందమ్మా, ఏమైందండి" అని సత్తిబాబు అడుగుతున్నాడు. ఇంకా ఏముందోనని అతను మరో పలక ఎత్తాడు. నీలం గళ్లది. ఇంకోటి పచ్చది. అమ్మ పెట్టెలోని చీరలన్నీ, ఒక్కోటీ గట్టిగా చుట్టి, కుట్టు వేసినంత ఒద్దికగా, ఆ గది నేల అడుగంతా పేర్చి ఉన్నాయి. వాటి కింద, పడిపోకుండా వెదురు తడికలు కట్టి, తారు పూసి ఉంది. ఆ నల్లటి తడికలు నాకు గుర్తున్నాయి. కోళ్ల కోసం కిందికి దూరినప్పుడల్లా చూసినవే. పాములు ఎక్కకుండా కట్టానని మామ్మ చెప్పేది. ఇప్పుడు సగం తడికలు కుళ్లిపోయాయి, చీరలు జారి వేలాడుతున్నాయి, కొన్నింటిని చెదలు తిన్నాయి. ఆ ఖాళీల్లోంచే గాలి కొడుతోంది.

హాల్లోకి ఎలా వెళ్లానో తెలియదు. ఆ గంధంరంగు గుడ్డ చేతిలోనే ఉంది. కరుణ దాన్ని చూసి కళ్లు మూసుకుంది.

"నీకు తెలుసా?" అన్నాను.

తలూపింది.

"ఎప్పట్నుంచి?"

"మామ్మ మంచాన పడ్డాక చెప్పింది. నేనే కదా చేశాను ఆవిడకి."

పలకలు ఎత్తిన దుమ్ముకి ఆమెకి దగ్గొచ్చింది. నీళ్లు తాగించాను. ఆమె మెల్లగా, ఆగి ఆగి చెప్పుకొచ్చింది. అమ్మ పోయిన ఏడాది చలికాలం తనకి ఉబ్బసం ముదిరిందట. గోదారి గాలి పలకల సందుల్లోంచి మంచం కిందికి కొట్టేది, తెల్లవార్లూ పిల్లికూతలు, గోళ్లు నల్లబడిపోయేవి. గదిలో నిప్పుల కుంపటి పెడితే పొగకి మరీ ఎక్కువైంది. మామ్మ ముందు ఊక నింపిన గోనెసంచులు నేల కింద కట్టింది. ఆ దుమ్ము పైకి లేచి ఒక రాత్రి తనకి ఊపిరి ఆగినంత పనయింది. కొబ్బరిపీచు పెట్టినా అంతే. దుమ్ము రాలనిది, మెత్తనిది, ఉతికి ఉతికి నలిగిన నూలు కావాలి. ఇంట్లో దుప్పట్లన్నీ మా అందరి ఒంటిమీదే ఉన్నాయి. మామ్మ చీరలు రెండే.

"నాన్నగారు ఊళ్లో లేని రోజుల్లో, కోళ్లని తరిమి, నేల కిందికి దూరి, తల పైకెత్తి, ఒక్కతే చేసిందట. ఆ రాత్రినుంచి నేను నిద్రపోయానంది" అంది కరుణ.

నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. "మరి నాన్నగారికి చెబితే ఏం పోయింది? ఇద్దరూ చచ్చేదాకా అలా బతికారు కదే. ఒక్క మాట చెబితే అయిపోయేదానికి."

"నేనూ అడిగాను. 'చెబితే వాడు వెంటనే పలకలు ఎత్తించి చీరలు తీసేసుకునేవాడు, పెళ్లాం పోయిన పిచ్చిలో వాడికి పిల్ల గుర్తుకు రాదు' అంది మామ్మ. 'తర్వాత నువ్వు కాస్త పెద్దయ్యాకైనా చెబుదామనుకున్నాను, కానీ అప్పటికి వాడు నన్ను చూసే చూపు గట్టిపడిపోయింది' అంది. 'ఆ చూపు నామీద కాకపోతే పిల్లమీద పడేదే అమ్మాయ్' అంది."

ఇన్నేళ్లలో నాన్నగారి కోపం కరుణ మీదికి మళ్లే అవకాశం ఉందని నాకు తట్టనే లేదు. మామ్మకి అది మొదటిరోజే తట్టింది. ఒక్కమాటతో కొడుకుని తిరిగి తెచ్చుకోగలిగిన మనిషి, ఎన్నో ఏళ్లపాటు, రోజుకి రెండుపూటలా అతనికి మూరెడు దూరంలో గరిట పట్టుకుని కూర్చుని, ఆ మాట మింగేసింది. అతని శవం దగ్గర కూడా మింగేసింది. ఆమె గొంతు కరుకుదని మేమందరం చెప్పుకునేవాళ్లం. ఆ గొంతుతో ఆమె చెప్పకుండా ఉన్నదేమిటో తెలిశాక, నాకు ఆ పూటంతా ఏదీ చేతికి అందినట్టనిపించలేదు. కాఫీ గ్లాసు ఎత్తి, తాగకుండా మళ్లీ పెట్టేశాను.

"నాకెందుకు చెప్పలేదే?" అని అడిగాను చివరికి.

కరుణ తలగడ సర్దుకుంది. "నీకూ అమ్మే కదా అక్కా. అమ్మ చీరలన్నీ నా ఒక్కదాని ఊపిరి కోసం పోయాయంటే, నువ్వు నన్ను అలాగే చూస్తావో లేదో అని. మరీ ముసలైపోయాక ఈ భయమేంటని నాకే నవ్వొచ్చేది. కానీ పోలేదు."

ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. వయసు ముదిరిన నర్సు చెయ్యి, నరాలు తేలి, సూది పొడిచిన చోట ఇంకా నీలంగా ఉంది.

గుమ్మం దగ్గర సత్తిబాబు ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో. "అమ్మా, మరి వీటినేం చేయమంటారు? ఉంచితే షీటు దిగదండి. చెదలు కూడాను. వద్దంటే ఆపేస్తాను" అన్నాడు.

నేను కరుణ వైపు చూశాను. "తీసెయ్యి బాబూ, అన్నీ తీసెయ్యి" అందామె, నేను నోరు తెరిచేలోపే. "జాగ్రత్తగా తియ్యి."

"ఆయ్" అన్నాడతను.

సాయంత్రానికి అన్నీ వాకిట్లోకి చేరాయి. చాలావరకు చేత్తో ముట్టుకుంటే రాలిపోయే గుడ్డపీలికలే. నిలిచినవాటిని బకెట్లో నానబెట్టి, పిండకుండా దండెం మీద వేశాను. మురికి నీళ్లు కారి కారి, చీకటిపడేలోపు వాటి రంగులు కొద్దికొద్దిగా బయటపడ్డాయి. పక్కింటావిడ గోడమీంచి చూసి, "ఎవరి చీరలండీ, అంత పాతవి" అంది. "మా అమ్మవండి" అన్నాను. ఆ రెండు మాటలూ నా నోటితో అని ఎన్నేళ్లయిందో.

దూలాల మధ్యన గులాబీరంగు షీట్లు కోసి బిగించారు. అంచులకి తెల్లటి నురగ కొట్టారు. అది ఉబ్బి గట్టిపడింది. పలకలు మళ్లీ పరిచారు, చెదలు తిన్న దూలానికి ఇనపరేకు వేశారు. కరుణని మళ్లీ తన గదిలోకి మార్చాం. తలుపు వేసి ఏసీ పెడితే, కాసేపటికే ఒంటిమీద దుప్పటి లాక్కోవలసినంత చలి. కరుణని మార్చేముందు వెలిగించి చూసిన దోమల చక్రం పొగ తిన్నగా పైకి లేచి పైకప్పుదాకా వెళ్లింది. ఆ గది ఇప్పుడు అంతా మూసుకుపోయింది. కింద కోళ్లు లేవు, నీళ్ల చప్పుడు లేదు, కీచుమనే పలక లేదు. మా చిన్నప్పుడు ఆ ఇంట్లో ఏ మూల ఎవరు దగ్గినా అందరికీ వినపడేది. ఎవరు ఏడ్చినా వినపడేది. అంత సందులున్న ఇంట్లో ఒక మనిషి ఇంత పెద్ద మాట దాచుకుంది. ఇప్పుడేమో బటన్ నొక్కితే చల్లదనం వస్తుంది, ఎవరి బట్టలూ అక్కర్లేదు, ఎవరి కోపమూ మోయక్కర్లేదు. అది మంచిదే. మా చెల్లెలు బతుకుతుంది. అయినా ఆ సుఖంలో కూర్చుని నాకు ఒంటిమీది వెంట్రుకలు లేచే ఉన్నాయి, ఏసీ చల్లదనానికి మాత్రమే కాదు.

కరుణ పడుకునే ఉంది గాని నిద్రపోలేదు. మనసులో తిరుగుతున్నది ఆపుకోలేక అడిగేశాను. "మామ్మ అనుకున్నది నిజమేనంటావా? తెలిసుంటే నాన్నగారు ఆ చీరలు తీయించేసేవారంటావా?"

ఆమె పైకప్పు వైపు చూసింది. ఊపిరి సాఫీగా ఆడుతోంది.

"ఏమో అక్కా. నాకేమనిపిస్తుందంటే, ఆయన వసారాలోంచి చాప తీసుకొచ్చి, మన గదిలో నేలమీద, ఆ చీరల పైన పడుకునేవారు."